పసిబిడ్డ ముక్కు మీద గడ్డ: సూది పెట్టకముందు ఏం చూడాలి, ఎలా వైద్యం చేయించాలి

తొమ్మిది నెలల పాప. ముక్కు దూలం మధ్యలో ఆవగింజ పట్టేంత గుంట. మూడుసార్లు చీము పట్టిందని, మొదటిసారి మొటిమ అనుకుని నొక్కి పిండారని, మూడోసారి కాస్త కోసి చీము తీశారని తల్లి చెప్పింది. పాపను లైటు కిందికి తెచ్చి భూతద్దంతో చూశాను. గుంటలోంచి పొట్టి నల్ల వెంట్రుక ఒక్కటి నిలబడి ఉంది. నూగు కాదు, తలవెంట్రుకలా గట్టిది. ఎమ్మారై తీయిస్తే ఆ గుంట నుంచి సన్నటి దారి ఒకటి ముక్కు ఎముకల కింద నుంచి పుర్రె అడుగు దాకా పోయింది. మూడోసారి పెట్టిన కత్తి ఇంకాస్త లోతుకు దిగి ఉంటే చీము మెదడు పొరల దాకా పాకేదేమో.

పిల్లల ఈఎన్‌టీ సర్జన్‌గా నేను అందరికీ చెప్పేది ఒక్కటే. పసిబిడ్డ ముక్కు నడిమధ్యలో గానీ, ముక్కు రంధ్రం లోపల గానీ గడ్డ కనిపిస్తే, లోపల ఏముందో స్కాన్‌లో చూసేదాకా దానికి సూది, కత్తి, ఫోర్సెప్స్ ఏదీ తగలకూడదు. ముక్క తీసి పరీక్షకు పంపడం కూడా వద్దు. ఈ మార్గదర్శిని తల్లిదండ్రుల కోసం, పిల్లల్ని మొదట చూసే పీహెచ్‌సీ డాక్టర్ల కోసం, జూనియర్ పీడియాట్రిషియన్ల కోసం రాస్తున్నాను.

ముక్కులోకి మెదడు ఎలా వస్తుంది?

తల్లిదండ్రులకు అన్నిటికన్నా నమ్మశక్యం కానిది ఇదే, కాబట్టి ముందు దీన్నే చెప్తాను. గర్భంలో నాలుగో వారం ముగిసేలోపే మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం మూసుకుంటుంది. దాని ముందు కొస సరిగ్గా ముక్కు తయారయ్యే చోటే ఉంటుంది. ఆ తర్వాత కొన్ని వారాల పాటు మెదడు పై పొర, అంటే డ్యూరా, పుర్రె అడుగున ఉన్న ఫొరామెన్ సీకమ్ అనే చిన్న రంధ్రంలోంచి వేలులా కిందికి దిగి, ముక్కు చర్మం దాకా వచ్చి తగులుతుంది. మామూలుగా అయితే అది మళ్లీ వెనక్కి పోతుంది, రంధ్రం మూసుకుంటుంది.

ఈ వెనక్కి వెళ్లడంలో తేడా వస్తే మూడు రకాల గడ్డలు పుడతాయి. వెళ్తూ వెళ్తూ చర్మాన్ని కూడా లోపలికి లాక్కుపోతే డెర్మాయిడ్. మెదడు కణజాలం చిన్న ముక్క తెగి బయటే మిగిలిపోతే గ్లయోమా. దారి మూసుకోకుండా మెదడు పొరలు, ద్రవం, ఒక్కోసారి మెదడు ముక్క బయటికి పొడుచుకొస్తే ఎన్‌సెఫలోసీల్. గ్లయోమా అన్న పేరు చూసి ఇంటర్నెట్‌లో వెతికి క్యాన్సర్ అని భయపడేవాళ్లు చాలామంది. ఇది క్యాన్సర్ కాదు, కణితి కూడా కాదు. చోటు తప్పిన మెదడు కణజాలం, అంతే. పాత పేరు అలా ఉండిపోయింది.

ముక్కు మధ్య గీతలో పుట్టే ఈ గడ్డలు సుమారు 20,000 నుంచి 40,000 కాన్పుల్లో ఒకరికి వస్తాయి. ముక్కు మొదట్లో బయటికి కనిపించే ఎన్‌సెఫలోసీల్స్ మాత్రం పాశ్చాత్య దేశాల కంటే థాయిలాండ్, కాంబోడియా వంటి ఆగ్నేయాసియా దేశాల్లో ఎక్కువ. మన దేశంలోనూ కనిపిస్తాయి.

ఇంకో మాట. గ్రహణం రోజు బయటికి వచ్చినందుకో, గర్భంతో ఉండగా ఏదో తిన్నందుకో ఇలా అయిందని అత్తింటివారు అంటుంటే తలవంచుకుని కూర్చున్న తల్లుల్ని చూశాను. ఇది తల్లి చేసిన తప్పు కాదు. చాలామందికి నెల తప్పిన సంగతి సరిగ్గా తెలిసే వేళకే ఆ గొట్టం మూసుకోవడం అయిపోయి ఉంటుంది.

మొదటి మెట్టు: గడ్డ సంగతి తర్వాత, ముందు ఊపిరి

పుట్టిన మొదటి కొన్ని నెలలు బిడ్డ దాదాపు ముక్కుతోనే గాలి పీలుస్తుంది. కాబట్టి రెండు రంధ్రాలూ మూసుకుపోతే ప్రాణానికే ప్రమాదం. గుర్తు పట్టడం కష్టమేమీ కాదు. నిద్రలోనో పాలు తాగేటప్పుడో బిడ్డ నీలంగా మారుతుంది, గుక్కపెట్టి ఏడవగానే నోరు తెరుచుకుని మళ్లీ గులాబీ రంగులోకి వస్తుంది, నోరు మూయగానే మళ్లీ మొదలు. పాలు రెండు గుక్కలు తాగి వదిలేయడం, పక్కటెముకల మధ్య గుంటలు పడటం, బరువు పెరగకపోవడం కూడా అవే సూచనలు. ఇలా ఉంటే ఆలోచించడానికి టైమ్ లేదు, 108కి ఫోన్ చేసి నవజాత శిశువుల ఐసీయూ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి.

ఊపిరి ఎటు ఆడుతోందో తెలుసుకోవడానికి చల్లటి స్టీలు గరిటె చాలు. ముక్కు కింద పట్టుకుంటే గాలి వచ్చే వైపు ఆవిరి మచ్చ పడుతుంది. రెండు మచ్చలు పడాలి.

డాక్టర్లకు ఒక హెచ్చరిక. ముక్కులో గడ్డ ఉందని అనుమానం ఉన్న బిడ్డకు ముక్కులోంచి ట్యూబ్ గుడ్డిగా దించకండి. ఎన్‌సెఫలోసీల్ ఉంటే ట్యూబ్ మెదడులోకే పోవచ్చు. పాలకు ట్యూబ్ అవసరమైతే నోట్లోంచి వేయండి. ఊపిరికి నోటి ఎయిర్‌వే పెట్టండి, అదీ చాలకపోతే నోట్లోంచే ఇంట్యుబేట్ చేయండి.

రెండో మెట్టు: చూపుతో చేసే పరీక్ష

మంచి వెలుతురులో బిడ్డను తల్లి ఒళ్లో పడుకోబెట్టి, తొందర లేకుండా చూడాలి.

గడ్డ మధ్య గీత మీద ఉందా, పక్కకు ఉందా? ఈ ఒక్క ప్రశ్నతోనే సగం తేలుతుంది. మధ్యలో ఉంటే పైన చెప్పిన మూడింటిలో ఒకటి కావచ్చు. కంటి లోపలి మూలకు కాస్త కింద, పుట్టినప్పటి నుంచీ నీలంగా ఉబ్బి ఉంటే అది ఎక్కువగా కన్నీటి తిత్తి మూసుకుపోవడం, డాక్రియోసిస్టోసీల్ అంటారు. పుట్టినప్పుడు ఏమీ లేక, లేదా ఒక చిన్న ఎర్రమచ్చ మాత్రమే ఉండి, నెల తిరిగేసరికి ముక్కు కొస మీద ఎర్రటి స్ట్రాబెర్రీలా పెరిగితే అది హిమాంజియోమా, రక్తనాళాల గడ్డ. పుట్టిన తేదీ, గడ్డ మొదట కనిపించిన తేదీ, ఈ రెండూ డాక్టర్‌కు చెప్పండి. ఫోన్‌లో పాత ఫొటోలు ఉంటాయి కదా, అవి బంగారం. పురిటి రోజుల నుంచి తీసిన ఫొటోలు వరుసగా చూపిస్తే నాకు సగం పని అయిపోతుంది.

గుంట కోసం ముక్కు కొస నుంచి కనుబొమల మధ్య దాకా వెతకాలి. గుంటలోంచి వెంట్రుక వస్తే డెర్మాయిడ్ అని దాదాపు ఖాయం. వెంట్రుక లేకపోయినా, గుంట నుంచి మైనంలాంటి తెల్లటి పదార్థం వస్తున్నా, ఒకే చోట మళ్లీ మళ్లీ చీము పడుతున్నా డెర్మాయిడే అనుకోవాలి. లోపలి దారి ఎంత దూరం పోయిందో బయటి గుంట సైజును బట్టి చెప్పలేం. ముక్కు కొస మీద సూదిమొనంత గుంట ఉండి, దారి పుర్రె దాకా వెళ్లిన పిల్లలూ ఉంటారు.

ఆ తర్వాత బిడ్డ ఏడ్చేదాకా ఆగాలి. ఏడ్చినప్పుడు తలలో ఒత్తిడి పెరుగుతుంది. ఎన్‌సెఫలోసీల్ అయితే గడ్డ ఉబ్బుతుంది, ఒక్కోసారి గుండె కొట్టుకున్నట్టు కదులుతుంది, నీలంగా మెత్తగా ఉంటుంది, చీకట్లో టార్చి వేస్తే వెలుతురు లోపలికి పాకుతుంది. గ్లయోమా గట్టిగా, ఎర్రగానో నీలి ఎరుపుగానో ఉంటుంది, ఏడ్చినా ఉబ్బదు. డెర్మాయిడ్ కూడా ఉబ్బదు. మెడ పక్కనున్న సిరల్ని నొక్కి ఇదే మార్పు చూడటాన్ని ఫర్‌స్టెన్‌బర్గ్ పరీక్ష అంటారు. ఇంట్లో ఎవరూ బిడ్డ మెడ నొక్కకూడదు, ఏడుపు చూస్తే చాలు. డాక్టర్లు కూడా ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. గడ్డ ఉబ్బితే అనుమానం బలపడుతుంది, కానీ ఉబ్బనంత మాత్రాన లోపలికి దారి లేదని అనుకోకూడదు.

ముక్కు లోపల గడ్డ కనిపించినప్పుడు పొరపాటు జరిగే అవకాశం ఇంకా ఎక్కువ. బూడిద రంగులో నిగనిగలాడే దాన్ని చూసి పాలిప్ అంటారు. రెండేళ్ల లోపు పిల్లలకు మామూలు పాలిప్స్ చాలా అరుదు. ఒకవైపు మాత్రమే పాలిప్‌లాంటిది కనిపిస్తే, కాదని తేలేదాకా ఎన్‌సెఫలోసీల్ అనే అనుకోవాలి. సన్నటి ఎండోస్కోప్‌తో చూస్తే ఎన్‌సెఫలోసీల్ సాధారణంగా ముక్కు మధ్య గోడకీ మిడిల్ టర్బినేట్‌కీ (ముక్కు లోపలి పక్క గోడ మీది మధ్య మడత) నడుమ నుంచి దిగుతుంది. పాలిప్ మిడిల్ టర్బినేట్ బయటి పక్క నుంచి వస్తుంది. ఈ తేడాను చూపుతోనే పట్టుకోవాలి. లాగి చూడకూడదు.

ముఖం మొత్తం కూడా చూడండి. కళ్ల మధ్య దూరం ఎక్కువగా ఉందా? ముక్కు దూలం వెడల్పుగా ఉందా? అంగిలి చీలిందా? తల చుట్టుకొలత వయసుకు మించి ఉందా? ఒక ముక్కు రంధ్రం నుంచే నీళ్లలాంటి ద్రవం కారుతోందా? జలుబు చీమిడి జిగటగా, రెండు వైపులా ఉంటుంది. మెదడు నీరు, అంటే మెదడు చుట్టూ ఉండే ద్రవం, పల్చగా, ఒక పక్క నుంచే, బిడ్డను ముందుకు వంచితే బొట్లుబొట్లుగా రాలుతుంది. దాన్ని శుభ్రమైన చిన్న సీసాలో పట్టి మెదడు నీటిని గుర్తించే బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రొటీన్ పరీక్షకు పంపితే తేలిపోతుంది.

మూడో మెట్టు: ఇంట్లో ఆపాల్సినవి

మన ఇళ్లలో పసిబిడ్డకు స్నానం పోసేటప్పుడు ముక్కు తీరుగా రావాలని నూనె రాసి దూలాన్ని రెండు వేళ్లతో నొక్కి లాగుతారు. అమ్మమ్మ ప్రేమతోనే చేస్తుంది. కానీ అక్కడ గడ్డ ఉన్న బిడ్డకు అది నేరుగా మెదడు పొరల మీద నొక్కినట్టు కావచ్చు. అమ్మమ్మను నొప్పించకుండా, "డాక్టర్ గారు స్కాన్ అయ్యేదాకా ముక్కు ముట్టుకోవద్దన్నారు" అని నా పేరు చెప్పండి, ఫర్వాలేదు.

ముక్కులో ఆముదం, కొబ్బరి నూనె, తల్లిపాలు వేయడం, నోటితో ఊదడం మానేయాలి. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. గడ్డకు పసుపు, సున్నం పట్టించడం, వేడి కాపడం, వాతలు పెట్టడం ఏవీ వద్దు. మెడికల్ షాపులో పెద్దవాళ్లకు ఇచ్చే ముక్కు చుక్కల మందు, ఆక్సీమెటాజోలిన్‌లాంటివి, పసివాళ్లకు ప్రమాదం. సెలైన్ చుక్కలు వాడొచ్చు.

చీము పడితే యాంటీబయాటిక్‌తో తగ్గించి, స్కాన్ తీయించి, ఆ తర్వాత ప్లాన్ చేసుకుని ఆపరేషన్ చేయించాలి. చీము తప్పనిసరిగా తీయాల్సి వచ్చినా ఆ పని పిల్లల సర్జన్ చేతిలోనే జరగాలి. గుంటలోకి పుల్ల పెట్టి లోతు చూడటం, రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే తీయడం ఒకప్పటి పద్ధతులు, ఇప్పుడు వాటి అవసరం లేదు.

నాలుగో మెట్టు: ఏ స్కాన్, ఎలా

తల్లిదండ్రులు తరచూ అడిగేది: "సీటీ తొందరగా అయిపోతుంది, అదే తీయించేద్దామా?" ముక్కు మధ్య గడ్డకు మొదట ఎమ్మారైయే మంచిది. పసివాళ్లలో పుర్రె ముందు అడుగు ఇంకా చాలావరకు మృదులాస్థే, ఎముకగా మారి ఉండదు. సీటీలో మృదులాస్థి ఎముకలా కనపడదు కాబట్టి అక్కడ నిజంగా రంధ్రం లేకపోయినా ఉన్నట్టు అనిపిస్తుంది. పైగా సీటీలో రేడియేషన్ ఉంటుంది. ఎమ్మారైలో మెదడు, ద్రవం, కొవ్వు వేర్వేరుగా కనిపిస్తాయి.

స్కాన్ రాసే డాక్టర్ రిక్వెస్ట్‌లో "ముక్కు" అని మాత్రమే రాస్తే సరిపోదు. ముక్కు కొస నుంచి మెదడు మొత్తం, పుర్రె ముందు అడుగుకు పలుచటి ముక్కలు, నిలువు మధ్య కోత తప్పనిసరిగా, కొవ్వును అణిచిన టీ1, టీ2, డిఫ్యూజన్ అడగండి. డెర్మాయిడ్‌లో కొవ్వు టీ1లో తెల్లగా మెరుస్తుంది, డిఫ్యూజన్‌లో కూడా వెలుగుతుంది. ఎన్‌సెఫలోసీల్‌లో లోపలి ద్రవం మెదడు ద్రవంతో కలిసి ఉన్నట్టు కనిపిస్తుంది. గ్లయోమాకు సుమారు 15 నుంచి 20 శాతం మందిలో పీచులాంటి కాడ ఒకటి లోపలి దాకా ఉంటుంది, దానికోసం ప్రత్యేకంగా వెతకమని రేడియాలజిస్టుకు చెప్పాలి. కార్పస్ కాలోసమ్ (మెదడు రెండు సగాలను కలిపే భాగం), హైడ్రోసెఫలస్ (మెదడులో నీరు చేరడం) సంగతి కూడా అదే సిటింగ్‌లో చూసేయొచ్చు.

సీటీ అవసరం వచ్చే సందర్భాలు లేకపోలేదు. ముక్కు వెనక ద్వారం మూసుకుపోయిందన్న అనుమానం ఉంటే, ముక్కు ముందు ద్వారం ఇరుకుగా ఉంటే, లేదా ఆపరేషన్‌కు ముందు ఎముక వివరం కావాలంటే తక్కువ డోసులో తీయిస్తాం. నెలలు నిండి పుట్టిన బిడ్డకు ముందు ద్వారం వెడల్పు 11 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉంటే ఇరుకు అంటాం. హిమాంజియోమాకు మామూలుగా డాప్లర్ అల్ట్రాసౌండ్ చాలు.

మత్తు గురించి తల్లిదండ్రులకు టెన్షన్ ఎక్కువ. సుమారు మూడు నెలల లోపు బిడ్డ అయితే కడుపునిండా పాలు పట్టి, వెచ్చగా గుడ్డలో చుట్టి, నిద్రలోనే స్కాన్ తీయడానికి ప్రయత్నించవచ్చు. ఆ సౌకర్యం ఉందా అని అడగండి. మత్తు ఇవ్వాల్సి వస్తే తల్లిపాలకు 4 గంటలు, పోతపాలకు 6 గంటలు ముందు ఆపమంటారు. "పాపం ఆకలేస్తోంది" అని చాటుగా పట్టకండి. మత్తులో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఐదో మెట్టు: ఏ గడ్డకు ఏ చికిత్స

డెర్మాయిడ్ దానంతట అది పోదు, మందులతో కరగదు. గుంట, తిత్తి, దారి మొత్తాన్ని ఒకేసారి తీయాలి. చర్మపు పొర చిన్న ముక్క మిగిలినా మళ్లీ వస్తుంది. దారి ముక్కులోనే ఆగిపోతే దూలం మీద నిలువు కోతతోనో, ముక్కు కింద కోసి చర్మాన్ని పైకి లేపే పద్ధతిలోనో తీస్తాం. రెండో దాంట్లో మచ్చ కనపడదు, కానీ గుంట ఉన్న చర్మాన్ని ఎలాగూ చుట్టూ కోసి తీయాల్సిందే. దారి పుర్రె దాకా వెళ్తే న్యూరోసర్జన్ పక్కనే ఉండాలి. పుర్రె అడుగు దగ్గర దారిని కోసి ఆ కొసను ఆపరేషన్ థియేటర్ నుంచే ఫ్రోజెన్ సెక్షన్‌కు (ఆపరేషన్ జరుగుతుండగానే ముక్కను గడ్డకట్టించి చేసే పరీక్ష) పంపితే, అందులో చర్మపు పొర లేకుండా పీచు మాత్రమే ఉంటే తల తెరవాల్సిన అవసరం తప్పుతుంది. ఈ సౌకర్యం ఉన్న ఆసుపత్రిని ఎంచుకోమని నేను గట్టిగా చెప్తాను. చీము ఒకసారి కూడా పట్టకముందే చేస్తే పొరలు శుభ్రంగా విడిపోతాయి. నాలుగుసార్లు చీము పట్టిన ముక్కులో అన్నీ అతుక్కుపోయి ఉంటాయి.

గ్లయోమాలో సుమారు 60 శాతం ముక్కు బయట, 30 శాతం లోపల, 10 శాతం రెండు చోట్లా ఉంటాయి. వాటికీ ఆపరేషనే మార్గం. బయట ఉన్నవి ముక్కు ఎముకల్ని పక్కకు నెట్టి ఆకారాన్ని పాడు చేస్తాయి కాబట్టి ఏళ్ల తరబడి ఆగకూడదు. లోపల ఉన్నవి ఎండోస్కోప్‌తో తీయొచ్చు. కాడ ఉంటే దాన్ని మూలం దాకా వెంబడించి, పుర్రెలో చిల్లు ఉంటే మూయాలి.

ఎన్‌సెఫలోసీల్‌కు నాయకత్వం న్యూరోసర్జన్‌ది. బయటికి వచ్చిన మెదడు ముక్క చాలాసార్లు పని చేయని కణజాలమే, దాన్ని తీసేసి పొరను నీరు కారకుండా మూసి, ఎముక చిల్లును పూడుస్తారు. పై చర్మం పల్చబడి చిట్లే స్థితిలో ఉన్నా, నీరు కారుతున్నా, ఊపిరి ఆడకపోయినా వెంటనే చేయాలి. చర్మం బాగుంటే బిడ్డ బరువు పెరిగేదాకా కొన్ని నెలలు ఆగవచ్చు. పుర్రె అడుగు నుంచి ముక్కు వెనక్కి దిగే రకంలో మాత్రం తిత్తిలో పిట్యూటరీ గ్రంథి, చూపు నరాలు కూడా దిగి ఉండవచ్చు. అక్కడ తొందరపడి కోస్తే హార్మోన్లు, చూపు రెండూ పోతాయి. అందుకే ఆపరేషన్‌కు ముందే హార్మోన్ల పరీక్షలు, కళ్ల పరీక్ష జరగాలి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. కన్నీటి తిత్తి ఉబ్బితే మొదట కంటి మూల మర్దన, ఇన్ఫెక్షన్ అయితే ఆసుపత్రిలో యాంటీబయాటిక్. ముక్కు లోపలికి తిత్తి దిగి ఊపిరి ఆడకపోతే ఎండోస్కోప్‌తో దాన్ని తెరుస్తారు, ఫలితం వెంటనే కనిపిస్తుంది. హిమాంజియోమాకు 2008 తర్వాత వైద్యమే మారిపోయింది. ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో క్రిస్టీన్ లెయోటే-లాబ్రేజ్ అనే చర్మ వైద్యురాలు, ఆమె సహచరులు గుండె సమస్య కోసం ఇచ్చిన ప్రొప్రనొలాల్ అనే మందుతో ఈ గడ్డలు తగ్గడం గమనించారు. ఇప్పుడు బిడ్డ బరువులో కిలోకు రోజుకు 2 నుంచి 3 మిల్లీగ్రాములు, తక్కువతో మొదలుపెట్టి పెంచుతూ, కనీసం ఆరు నెలలు ఇస్తారు. పాలు పట్టాకే మందు వేయాలి. బిడ్డ పాలు తాగకపోయినా, వాంతులు అవుతున్నా ఆ పూట మందు ఆపి డాక్టర్‌కు ఫోన్ చేయాలి, ఎందుకంటే రక్తంలో చక్కెర పడిపోతుంది. ముక్కు కొస మీది హిమాంజియోమా "పెద్దయితే అదే పోతుంది" అని వదిలేసేది కాదు. గడ్డ పోయినా కింద మృదులాస్థి ఆకారం చెడిపోతుంది.

ఆరో మెట్టు: ఎవరి దగ్గరికి, ఖర్చు సంగతి

ఇది ఒక్క డాక్టర్‌తో అయ్యే పని కాదు. పిల్లల ఈఎన్‌టీ, న్యూరోసర్జరీ, ప్లాస్టిక్ సర్జరీ, చిన్నపిల్లల మత్తు డాక్టర్, పీడియాట్రిక్ ఐసీయూ ఒకే చోట ఉన్న ఆసుపత్రి కావాలి. పెద్ద ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో ఈ విభాగాలు ఉంటాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టుకతో వచ్చే లోపాలున్న పిల్లల్ని జిల్లా స్థాయి డీఈఐసీ కేంద్రాలకు (పిల్లల లోపాల్ని తొందరగా గుర్తించి వైద్యం చేసే కేంద్రాలు) పంపుతారు. మీ ఆశా కార్యకర్తను అడిగితే దారి చూపిస్తుంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆపరేషన్ వస్తుందో లేదో అడ్మిట్ కాకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి. డాక్టర్ రాసిన రోగం పేరు స్పష్టంగా ఉన్న కాగితం, స్కాన్ సీడీ చేతిలో ఉంచుకోండి. రిపోర్టు కాగితం ఒక్కటే తెస్తే మాకు చాలదు, బొమ్మలు మేమే చూడాలి.

సర్జన్‌ను మూడు ప్రశ్నలు అడగండి. దారి పుర్రె లోపలికి వెళ్లిందా? వెళ్తే న్యూరోసర్జన్ అదే రోజు థియేటర్‌లో ఉంటారా? నీరు కారితే ఏం చేస్తారు? వీటికి నిదానంగా జవాబు చెప్పే డాక్టర్ దొరికితే అక్కడే ఉండండి.

ఏడో మెట్టు: ఆపరేషన్ తర్వాత

పుర్రె దాకా వెళ్లిన ఆపరేషన్ అయితే మొదటి రెండు వారాలు చాలా జాగ్రత్తగా ఉండాలి. ముక్కు నుంచి పల్చటి నీరు కారడం, జ్వరం, మాడు ఉబ్బడం, పాలు మానేయడం, మగతగా పడి ఉండటం, ఫిట్స్ వస్తే అర్ధరాత్రైనా సరే ఆసుపత్రికే వెళ్లాలి, పొద్దున దాకా చూద్దాం అనుకోవద్దు. ముక్కులో సక్షన్, ట్యూబ్ సర్జన్ చెప్పకుండా ఎవరూ పెట్టకూడదు. వేరే ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చినా ఆ సంగతి ముందే చెప్పండి. బిడ్డ టీకాల కార్డులో న్యుమోకాకల్ టీకా డోసులు పూర్తయ్యాయో లేదో చూసుకోండి, మెదడు పొరలకు దారి ఉన్న పిల్లలకు అది మరీ ముఖ్యం.

తీసిన గడ్డ బయాప్సీ రిపోర్టు తప్పక తీసుకుని ఫైల్‌లో పెట్టండి. డెర్మాయిడ్ ఏళ్ల తర్వాత కూడా తిరిగి రావచ్చు కాబట్టి మొదటి ఏడాది కొన్ని నెలలకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి చూపించాలి. లోపలి దాకా వెళ్లినవాటికి మళ్లీ ఎమ్మారై అవసరం పడుతుంది.

తర్వాతి కాన్పు గురించి కూడా అడుగుతారు. గర్భం ప్లాన్ చేసుకునేటప్పుడే ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలి, ముందు బిడ్డకు ఎన్‌సెఫలోసీల్ ఉంటే డోసు ఎక్కువ కావాలి, అది గైనకాలజిస్టే రాయాలి. వెన్నుపాము లోపాలను ఫోలిక్ యాసిడ్ తగ్గిస్తుందని గట్టిగా రుజువైంది. ముక్కు దగ్గరి ఎన్‌సెఫలోసీల్ విషయంలో అంత గట్టి రుజువు లేదు, అయినా వేసుకోవాలి. 18 నుంచి 22 వారాల మధ్య టిఫా స్కాన్‌కు (గర్భంలోని బిడ్డ అవయవాలను వివరంగా చూసే అల్ట్రాసౌండ్) వెళ్లినప్పుడు ముందు బిడ్డ రిపోర్టు చేతికిచ్చి, ముఖం, పుర్రె ముందు భాగం ప్రత్యేకంగా చూడమని అడగండి. పెద్ద ఎన్‌సెఫలోసీల్ అందులో కనిపించవచ్చు. చిన్న డెర్మాయిడ్ గుంట మాత్రం గర్భంలో చేసే ఏ స్కాన్‌లోనూ కనపడదు. బిడ్డ పుట్టిన రోజు లైటు కింద ముక్కు మీద ఒకసారి వేలితో మెల్లగా నిమిరి చూస్తే తెలుస్తుంది.